ఎర్ర వరసలో పెట్టని కార్డు

కాక పోయాడని మంగళవారం పొద్దున పదింటికి తెలిసింది. నేను ఒక విల్లా పైకప్పు మీద ఏసీ బయటి యూనిట్ విప్పుకుని కూర్చున్నాను. జగిత్యాల నుంచి కాక వాళ్ల అన్న కొడుకు ఫోన్. "అన్నా, మా కాక సచ్చిపోయిండే. పొద్దుగాల చాయ తాగి మంచంల ఒరిగిండు, మల్ల లేవలే" అన్నాడు. నేను "సరే" అన్నాను. మూత పెట్టి నాలుగు స్క్రూలు బిగించాను. ఐదోది చేతిలోంచి జారి కింద పడింది. దిగి వెతికాను, దొరకలేదు. పైకెక్కాను, మళ్లీ దిగాను. ఆ రోజంతా అంతే, ఎక్కడం దిగడం.

పంతొమ్మిది రోజులు. సౌదీలో, ఈ యాన్బులో ఇరవై రెండేళ్లు పనిచేసి ఇల్లు చేరినవాడు ఇంట్లో పంతొమ్మిది రోజులు బతికాడు. ఈ అంకె నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాడు. గదిలో పెద్దవాడు కాబట్టి కాక. ఏసీ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్పినట్టు ఉండేది కాదు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొనను కంప్రెసర్ మీద పెట్టి వినేవాడు. తర్వాత పిడిని నా చెవికి ఆనించేవాడు. "ఏమంటుంది?" అని అడిగేవాడు. నాకు గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. ఏసీ చల్లబడకపోతే నేను వెంటనే గ్యాస్ అయిపోయిందనేవాణ్ణి. "గ్యాస్ మాట తర్వాత. ముందుగాల జాలీ కడుగు" అనేవాడు. పదింట ఏడుసార్లు ఫిల్టర్ జాలీలో దుమ్మే ఉండేది. నేను మా కంపెనీ మేనేజర్ ముదీర్ మీద, వంటవాడి మీద, మా నాన్న మీద అరిచినప్పుడు కూడా అదే మాట. "ఆగు బిడ్డా. జాలీ కడుక్కో." ఆ మాట వింటే నాకు ఇంకా మండేది.

కార్డుల సంగతి చెప్పాలి. లెవీలు మొదలైన ఏడాది అది. ఇక్కడ ఉన్న ప్రతి పరాయి దేశపు మనిషికీ నెలనెలా సర్కారుకు కట్టాలి, పెళ్లాం పిల్లలుంటే వాళ్లకూ కట్టాలి. మేము ఏసీలు చూసే విల్లాల కాంపౌండులో కుటుంబాలు ఒక్కొక్కటే ఖాళీ చేసి పోవడం మొదలుపెట్టాయి. ఒక అమెరికా ఇంజినీరు పోతూ పోతూ కాక చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చి చెత్తలో వెయ్యమన్నాడు. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులున్నాయి. మా చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి కదా, అలాంటివే. ముందు మనిషి ఫోటో, వెనక సన్నటి అక్షరాల్లో వాడి ఎత్తు, బరువు, ఊరు, ఏ ఏడు ఎంత ఆడాడన్న వరసలు.

కాక వాటిని గదికి తెచ్చాడు.

"చెత్తల వెయ్యమంటే రూముకు తెచ్చినవేంది?" అన్నాను.

"మొకాలున్నయి. పేర్లున్నయి. చెత్తడబ్బల ఎట్ల ఏస్తంరా?"

మా గదిలో నలుగురం. కాక, నేను, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ప్లంబర్ అన్న, పాకిస్తాన్ డ్రైవర్ భాయ్. బేస్‌బాల్ ఎలా ఆడతారో నలుగురిలో ఒక్కడికీ తెలియదు. కానీ ప్రతి శుక్రవారం అన్నం తిన్నాక మంచం మీద దుప్పటి పరిచి, వాటిలో ఏది అన్నిటికంటే గొప్ప కార్డో తేల్చడానికి కూర్చునేవాళ్లం. ప్లంబర్ అన్న కార్డులన్నీ లెక్కపెట్టి, బిస్కెట్ల రేకు డబ్బాలోకి మార్చి, మూత మీద మార్కర్‌తో 311 అని రాశాడు.

తేల్చే పద్ధతి కూడా మాదే. ఇక్కడ నితాఖత్ అని ఒక చట్టం ఉంది. ఎంతమంది సౌదీ మనుషుల్ని పనిలో పెట్టుకున్నారో చూసి ప్రతి కంపెనీకీ ఒక రంగు వేస్తారు. ప్లాటినం అన్నిటికంటే పైన, తర్వాత ఆకుపచ్చ, పసుపు. ఎరుపులో పడితే ఆ కంపెనీ మనుషులకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, మళ్లీ రాసివ్వరు. మేము ఆటగాళ్లను అలాగే నాలుగు వరసలు చేసేవాళ్లం. మమ్మల్ని ఎవడో రంగుల్లో పెట్టాడు కదా, మేమూ ఎవణ్ణో ఒకణ్ణి పెట్టాలి.

"ఈ మీసాలాయన్ని చూడండి బాబాయ్, అచ్చం మా ఊరి సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌లా లేడూ? ప్లాటినంలో పెట్టేయండంతే" అనేవాడు ప్లంబర్ అన్న.

"మీసాలు సూసి ప్లాటినం ఇస్తే మన ముదీర్‌కు గూడ ఇయ్యాలె" అనేవాడు కాక.

బ్యాటు భుజాన వేసుకున్న ఇంకొకణ్ణి చూసి, వీడు ఆటగాడు కాదు, కాపలావాడని డ్రైవర్ భాయ్ పెదవి విరిచేవాడు. "యే ఖిలాడీ నహీ హై చాచా, చౌకీదార్ హై. లాఠీ దేఖో ఉస్కీ."

కాకకు ఇంగ్లీషు రాదు. నాకూ రాదు, తొమ్మిదో తరగతితో బడి మానేశాను. కానీ చదివేవాడు కావాలి కాబట్టి నేనే చదివాను. ఫోన్లో ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ, ఆ కార్డుల వెనకే నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను. కాక ప్రతి కార్డుకూ మొదట అడిగేది ఒకటే. "ఊరు ఏంది సదువు." ఊరి పేరు చదివితే తల ఊపేవాడు, అక్కడ ఆయనకు ఎవరో తెలిసినట్టు. ఒకసారి తన ఇఖామా తీసి ఆ కార్డు పక్కన పెట్టాడు. దాని మీద ఆయన పేరు తప్పుగా ఉంది. పని అనే చోట 'కూలీ' అని ఉంది. ఊరు లేదు. "వీనిది సూడు, ఏ ఏడు ఎంత ఆడిండో అన్నీ రాసిన్రు. నా ఇన్నేండ్లు రాస్తే జాగ సాలది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మీసాల మీదా లాఠీల మీదా కొట్లాట తెగలేదు కాబట్టి చివరికి అంకెలు చూద్దామన్నాం. బంతి వేసేవాళ్ల కార్డుల్లో కుడి పక్క చివర ఒక అంకె ఉంటుంది. అది ఎవడికి పెద్దదైతే వాడు గొప్ప. అలా మా రాజు దొరికాడు. టోపీ కళ్ల దాకా లాక్కుని, చెవులు బయటికి పొడుచుకొచ్చి, నవ్వకుండా నిలబడ్డ ఒక బౌలర్. వాడి అంకె డబ్బాలో అందరికంటే పెద్దది. రెండేళ్లు ప్లాటినం వరసలో మొదటి జాగా వాడిదే. కార్డులు ముట్టే ముందు కాక సబ్బుతో చేతులు కడుక్కునేవాడు, అయినా ఆ కార్డు మూల మీద ఆయన బొటనవేలి గ్రీజు ముద్ర పడింది.

తర్వాత ఒకరోజు ఒక విల్లాలో జాలీ కడుగుతుంటే, ఆ ఇంటి ముసలి అమెరికా ఆయన టీవీలో అదే ఆట చూస్తున్నాడు. నాకొచ్చిన కార్డుల ఇంగ్లీషులో అడిగాను, ఆ చివరి అంకె ఏమిటని. చెప్పాడు. వాడి బంతుల మీద అవతలివాళ్లు ఎన్ని పరుగులు కొట్టారో ఆ లెక్క అది. తక్కువ ఉంటేనే గొప్ప. మేము రెండేళ్లుగా చేసిన పని చెప్తే ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ నవ్వు నా వీపుకు అతుక్కుని గది దాకా వచ్చింది.

ఆ వారమే మా కంపెనీ ఎరుపులో పడింది. కాక ఇఖామా గడువు అప్పటికే అయిపోయింది. శుక్రవారం దుప్పటి పరిచారు. కాక ఎప్పట్లాగే మొదట బౌలర్‌ను పెట్టాడు.

"తియ్యి వాణ్ని" అన్నాను. "వాడు ఎవడో ఎరుకనా? ఈ డబ్బల అందరికన్న ఎక్కువ దెబ్బలు తిన్నోడు. ఆ అంకె ఎంత పెద్దగుంటే అంత దండుగ బౌలర్. ఎర్రల వెయ్. లేకుంటే సింపి పారెయ్."

ప్లంబర్ అన్న మంచం కొట్టి మరీ నవ్వాడు. "ఓరి నాయనో, రెండేళ్లుగా వీడికి పట్టాభిషేకం చేస్తున్నామా!" డ్రైవర్ భాయ్ "తౌబా తౌబా" అని చెంపలు వేసుకున్నాడు. కాక నవ్వలేదు. కార్డు తిప్పి నాకిచ్చాడు.

"ఎన్నేండ్లు ఆడిండో లెక్కవెట్టు."

"తొమ్మిది."

"తొమ్మిదేండ్లు దెబ్బలు తిని గూడ తెల్లారి మల్ల బాల్ వట్టుకోని వచ్చిండు. వచ్చిండని రాసిన్రు గదా."

"అది గొప్పనా?"

"మరి ఏది గొప్పరా?"

"గెలిచినోడు గొప్ప. నీ లెక్క పడి ఉన్నోడు కాదు."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను, వేరేవాళ్ల మీద పెట్టను. కాక కార్డు తీసుకుని డబ్బాలో పెట్టాడు. "ఎర్రల మనమున్నం సాలు. ఇంకొకన్ని ఎందుకు గుంజుతవ్?" అన్నాడు. ఆ తర్వాత దుప్పటి పరవలేదు.

ఎండలు ముదిరేసరికి కాక కాళ్లు ఉబ్బడం మొదలైంది. నిచ్చెన నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రి కౌంటర్లో ఇఖామా గీకి చూసి వెనక్కిచ్చారు. గడువు లేదు కాబట్టి ఇన్సూరెన్సూ లేదు. అదే ఇఖామా లేక ఇంటికి పోవడానికి ఎగ్జిట్ కాగితమూ రాదు. ఉండటానికి లేదు, పోవడానికి లేదు. ముదీర్‌ను అడిగితే బుఖ్రా, రేపు రండి అన్నాడు. ఐదు నెలలు అన్నాడు. నేను ఆయన టేబుల్ మీద గుద్దితే కాక నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"నాకు ఒక్కటే కావాలెరా. పోతే సీటుల పోవాలె. పెట్టెల పోవద్దు" అన్నాడు. మా క్యాంపు నుంచి ఆ ఏడు ఇద్దరు శవపెట్టెల్లో పోయారు. సంతకాల కోసం ఎన్ని వారాలు పడిగాపులు పడ్డామో మాకు తెలుసు.

అప్పట్నించి ఇద్దరం లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాం. ఆయనకు అరబ్బీ వచ్చు, నాకు కార్డుల ఇంగ్లీషు వచ్చు. ఫారం నింపుతుంటే స్వస్థలం అనే గడి వచ్చింది. "ఊరు రాయమన్నరా?" అని కాక ముందుకు వంగాడు. తన ఊరి పేరును ఒక్కో అక్షరం పలికి నాతో రాయించాడు. తప్పు పోతే కొట్టేయించి మళ్లీ రాయించాడు. ఆ రోజు ఆయన ముఖం చూసి ఉంటే మీరూ నాలాగే కుర్చీలోంచి లేచి బయటికి పోయేవాళ్లు.

చివరికి ఎగ్జిట్ కాగితం వచ్చింది. విమానం కోసం జెద్దా పోయే బస్సు దగ్గరికి ఆయన్ని సాగనంపడానికి ముగ్గురం వెళ్లాం. డబ్బా మాకే వదిలేశాడు. ఆ శుక్రవారం మాటకు క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. దానికి బదులు, "పోతున్నవ్ గదా, ఏది గొప్ప కార్డో ఇప్పుడన్న చెప్పిపో" అన్నాను.

"మీరే తేల్సుకోండ్రి" అని బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. అరచేత్తో ఆ సీటును రెండుసార్లు తట్టి నాకు చూపించి నవ్వాడు.

పోయాడన్న కబురు వచ్చాక వచ్చిన శుక్రవారం, ప్లంబర్ అన్నే దుప్పటి పరిచాడు. కార్డులు పేర్చాం. ప్లాటినంలో మొదట పెట్టడానికి బౌలర్ కోసం చూస్తే లేడు. ముగ్గురం వేరువేరుగా లెక్కపెట్టాం. మూడువందల పది.

"నువ్వేగా తమ్ముడూ చించమన్నావు. నిజం చెప్పు, చించేశావా?" అన్నాడు ప్లంబర్ అన్న.

నేను చించలేదు. కానీ ఆయన అలా అడిగినందుకు కోపం రాలేదు, మొదటిసారి. చించగలిగినవాణ్ణే. మంచాల కింద, ట్రంకుల వెనక, ఏసీ జాలీ విప్పి దాని వెనక కూడా వెతికాను. నాలుగు రోజులు పనికి పోతూ వస్తూ వెతికాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక కాక అన్న కొడుకు ఒక ఫోటో పంపాడు. దాని కింద వాయిస్ మెసేజ్. "అన్నా, కాక అంగి జేబుల ఈ కార్డు ఉండె. వచ్చిన కాడికెల్లి తీసి సూసుకునేటోడు. ఈన కంపెనీ సేటా? కాకను మంచిగ సూసుకున్నోడని మా చిన్నమ్మ ఫోటో దగ్గరనే పెట్టిచ్చింది. ఈన పేరేంది?"

టైపు చేశాను, చెరిపేశాను. సేటు కాదు, ఎవడో ఆటగాడని రాశాను, అదీ చెరిపేశాను. చివరికి ఇలా పంపాను. "సేటు కాదు తమ్మీ. కాక దోస్తు. తొమ్మిదేండ్లు కష్టపడ్డోడు. పేరు, ఊరు కార్డు ఎనక రాసి ఉంటయి. సదివి చిన్నమ్మకు చెప్పు."

ఆ ఫోటో నా ఫోన్లో ఉంది. గోడకు ఆనించి బంతిపూల దండ వేసిన కాక పటం. దీపం కుందెకు ఆనించి ఆయన పక్కనే ఆ బౌలర్. టోపీ కళ్ల దాకా లాక్కుని, చెవులు బయటికి పొడుచుకొచ్చి, నవ్వకుండా. కార్డు మూల మీద నల్లటి బొటనవేలి ముద్ర. కాక నుదుటికి పెట్టినప్పుడు చిన్నమ్మ వాడికీ పెట్టినట్టుంది, టోపీ మీద, సరిగ్గా నడిమధ్యన, ఎర్రటి కుంకుమ బొట్టు.