బోణీ ఇంటి కబురు

చేపల సత్యనారాయణమ్మ గురించి చెప్పాలంటే ముందు మా మావగారి గురించి చెప్పాలి. ఆయన ప్రాణం మీదికి తెచ్చింది టీవీ. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను, నాకేం భయం? ముప్ఫై రెండేళ్ళు బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పి, ఒక్కనాడు కూడా బెత్తం ఎత్తని యేసురత్నం మాస్టారు రిటైరయ్యాక వార్తల పిచ్చిలో పడ్డారు. పొద్దున్న పేపరు, మధ్యాహ్నం టీవీ, ఆ రెండింటి మధ్యలో ఫోను. పోనీ మామూలు వార్తలా అంటే అదీ కాదు. శ్మశానంలో లేచి కూర్చున్న శవం, భూమి మీదికి దూసుకొస్తున్న రాయి, ఫ్రిజ్ పేలి ఎగిరిపోయిన వంటగది! దేశం కాని దేశంలో ఎక్కడో ఫ్రిజ్ పేలితే మామిడికుదురులో మా ఫ్రిజ్‌కి ప్లగ్గు పీకేసేవారు. నేను కుట్టుమిషను మీంచి లేచి వచ్చి చూసేసరికి కూరంతా పాడైపోయి ఉండేది. ఒళ్ళు మండిపోయేది. మావగారిని ఏమంటాం? మా ఆయన్ని అనేదాన్ని.

నిద్ర పట్టేది కాదు ఆయనకి. అన్నం ముందు కూర్చుని కూడా, 'బేబీ, ఆ పిల్ల దొరికిందంటావా?' అని అడిగేవారు. ఏ పిల్లండీ అంటే, ఏ రాష్ట్రంలోనో తప్పిపోయిన పిల్ల. ఆ పిల్లకి మనం చేయగలిగేది ఏమీ లేదు, అయినా ముద్ద దిగేది కాదు. ఒక రోజు బ్రేకింగ్ న్యూస్ చూస్తూ చూస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. మూతి కాస్త వంకరపోయింది. అమలాపురం తీసుకుపోతే డాక్టరుగారు బీపీ చూసి నన్నూ మా ఆయన్నీ బయటికి పిలిచారు. 'మందులు రాస్తాను గానీ, ముందు ఈయనకి వార్తలు మానిపించండి. ఇంకోసారి ఇలా అయితే నేను హామీ ఇవ్వలేను' అన్నారు.

ఇంటికి రాగానే కేబులు పీకించేశాను. పేపరు మానిపించాను. ఫోను లాక్కుని బటన్ల ఫోను చేతిలో పెట్టాను. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అరుగు మీద కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేవారు. బీపీ తగ్గింది, మనిషీ తగ్గిపోయారు. పిలిస్తే పలకరు, పెడితే తినరు. ఇదేం వైద్యంరా దేవుడా అని ప్రార్థనలో ఏడ్చేదాన్ని.

అప్పుడు ఆయన్ని మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది సత్యనారాయణమ్మ.

కరవాక నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది ఆవిడ. యాభై దాటాయి. నల్లగా, గట్టిగా, పమిట చెంగు నడుముకి బిగించి, నెత్తిన అల్యూమినియం గంపతో. భర్త వీరవెంకటరమణ బోటు మీద వేటకెళతాడు, ఈవిడ అమ్ముతుంది. ముప్ఫై ఏళ్ళుగా అవే వీధులు, అవే వాడుక ఇళ్ళు. చదువు లేదు. బస్సు మీది ఊరి పేరు కూడా ఎవరో ఒకరు చదివి చెప్పాలి. నోరు మాత్రం ఊరంత. మా వీధిలో మొదటి ఇల్లు మాది కాబట్టి బోణీ మాదే. మా అరుగు దగ్గరే గంప దించి, చేప పొలుసు గీకుతూ కబుర్లు మొదలుపెట్టేది.

"ఆయ్, మాస్టారండీ, విన్నారా? రాజోలు బస్టాండులో మేక బస్సెక్కేసి సీట్లో కూచుందంటండి! కండక్టరు దిగమంటే దిగదంటండి. వెనకాల ముసలాయనకి జాలేసి అరటిక్కెట్టు తీసేడంటండి."

నేను లోపల్నుంచి గబగబా వచ్చేశాను. వార్తలు వద్దన్నాం కదా అని కళ్ళతోనే ఉరిమాను. ఆవిడ నన్ను చూస్తేగా! మా మావగారు మూడు వారాల తరవాత నోరు విప్పి, "మేకకి అరటిక్కెట్టు ఎందుకు? వయసెంత దానికి?" అన్నారు.

ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

ఇంక రోజూ అదే వరస. కోడిపెట్ట బాతుపిల్లల్ని పొదిగి, అవి కాలవలోకి దిగిపోతే ఒడ్డున నించుని ఊరంతా వినపడేలా కేకలు పెట్టిందట. తాటిపాకలో పెళ్ళికొడుకు దారి తప్పి వేరే పెళ్ళి పందిట్లో కూర్చుని, భోజనం కూడా చేసి, తాంబూలం పుచ్చుకున్నాక తన పెళ్ళి కాదని తెలుసుకున్నాడట. మావగారు పొద్దున్నే గెడ్డం గీసుకుని తయారయ్యేవారు. "ఏ పేపర్లో పడింది సత్యనారాయణమ్మా?" అని ఆరా తీసేవారు. "పేపర్లో పడకముందే నా చెవిలో పడిందండీ" అనేది ఆవిడ.

నాకు అనుమానం రాకుండా ఉంటుందా? రాజోలు డిపోలో మా పిన్నికొడుకు ఉన్నాడు, అడిగాను. మేకా లేదు, టిక్కెట్టూ లేదు. మర్నాడు ఆవిడని పెరట్లోకి తీసుకుపోయి నిలదీశాను. "ఏంటి సత్యనారాయణమ్మగారూ, పెద్దాయనకి అబద్ధాలు చెబుతున్నారా?"

ఆవిడ సిగ్గుపడలేదు సరికదా, నాకే పాఠం చెప్పింది. "బోణీ అయ్యేదాకా చెడ్డ మాట నోటంట రాకూడదండి. మా అత్తగారు నేర్పిన పద్ధతండి. ఎవరైనా పోయినా సరే, ఆ కబురు బోణీ ఇంట్లో చెప్పం. మంచి మాటే చెప్పాలి. రోజూ మంచి మాట ఎక్కడ దొరుకుతుందండీ? దొరక్కపోతే నేనే కథ కట్టుకుంటాను. మీకేటండీ నష్టం, ఆయన తింటన్నారా లేదా?"

తింటున్నారు. నేనింక నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ ఆటో ఆలస్యమైతే నేనే వీధి చివరికెళ్ళి చూసేదాన్ని.

పోయిన కార్తీకంలో ఒక రోజు మామూలుగానే వచ్చింది. గంప దించింది. అల్లవరంలో ఒక తాతగారు కట్టుడుపళ్ళు పోగొట్టుకుంటే అవి పండుగప్ప చేప కడుపులో దొరికాయని, కడిగి పెట్టుకుంటే సరిగ్గా సరిపోయాయని చెప్పింది. మావగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆవిడ కత్తిపీట మీద చందువ చేప కోస్తూ వేలు కోసుకుంది. ఇన్నేళ్ళలో నేనెరిగి ఎప్పుడూ కోసుకోలేదు. పసుపు తెస్తానంటే వద్దంది. డబ్బులిస్తే కళ్ళకద్దుకుని రొంటిని దోపుకుంది. చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వచ్చి, పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున కూలబడి ఏడ్చింది.

"రెండ్రోజులైందండి బేబీగారూ. మా ఆయన బోటు రాలేదండి. నలుగురెళ్ళేరండి. ఫోన్లు కలవటం లేదు. ఇయి మా ఆడపడుచు చేపలండి, ఇంట్లో కూచోలేక గంపెత్తుకొచ్చేను." పమిటతో నోరు కుక్కుకుంది. "మాస్టారితో అనకండి. ఆయనకేవైనా అయితే ఆ పాపం నాదండి."

ఇంత దుఃఖం కడుపులో పెట్టుకుని, ఆ పళ్ళ కథ ఎలా చెప్పిందో! ఆవిడ ముఖం కడుక్కుని, అరుగు మీద మావగారికి నవ్వుతూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. మావగారు గెడ్డం గీసుకుని కూర్చున్నారు. పది దాటింది. నేను తెగించి, "మావగారండీ, నేనో వింత చెప్పనా? అంబాజీపేటలో ఒక కొబ్బరికాయలో..." అని మొదలుపెట్టాను. కొబ్బరికాయలో ఏం పెట్టాలో తెలియలేదు. నా మొహం, నాకు కథలెక్కడ వస్తాయి!

"ఆవిడకేమైందమ్మా?" అన్నారు ఆయన.

"జ్వరమటండీ."

"బేబీ, ముప్ఫై రెండేళ్ళు పిల్లలు చెప్పిన జ్వరాలు విన్నాను."

చెప్పేశాను. చెబుతూ ఆయన మూతినే చూస్తున్నాను, వంకర పోతుందేమోనని. ఒక చేత్తో కుర్చీ పట్టుకున్నాను. "నిన్న నన్ను నవ్వించి వెళ్ళింది" అన్నారు. "ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"తెలీదండీ."

"నా చొక్కా తియ్యి."

వద్దని దెబ్బలాడాను. డాక్టరు మాట గుర్తుచేశాను. మా ఆయనకి ఫోను చేస్తానని బెదిరించాను. జీవితంలో మొదటిసారి ఆయన నా మీద గొంతు పెంచారు. "ఎక్కడో తప్పిపోయిన పిల్ల కోసం ఆరు నెలలు నిద్ర మానుకున్నాను. దానివల్ల ఆ పిల్లకేం ఒరిగింది? ఈవిడ ఇల్లు ఆటోలో అరగంట. ఇక్కడ కూర్చోమంటావా?" ఆటో పిలిచాను. ఇంకేం చేస్తాను?

కరవాకలో ఆవిడ ఇంటి నిండా జనం. మధ్యలో టీవీ. రాత్రి నుంచీ అది కట్టలేదట. దాని ముందు నేల మీద సత్యనారాయణమ్మ, జుట్టు విరబోసుకుని. తెర అడుగున ఎర్రరంగు మీద అక్షరాలు పరిగెడుతున్నాయి. చదవడం రాదు కదా, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళని పట్టుకుని, "ఏం రాసేడండీ? ఇప్పుడేం రాసేడండీ?" అని అడుగుతోంది. తెర మీద ఏవో సినిమావాళ్ళ విడాకుల గొడవ నడుస్తోంది. అది ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

మావగారు కర్ర ఊతంగా వెళ్ళి టీవీ కట్టేశారు.

"మీరెందుకొచ్చేరండీ!" ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "బేబీగారూ, ఎందుకు చెప్పేరండీ? ఆయనకి బీపీ అండీ!"

"నా బీపీ సంగతి తరవాత. కూర్చో. ఎప్పుడు తిన్నావు?"

మొన్ననట. ఆడపడుచు చేత గంజి తెప్పించారు. తన పక్కనే మంచం మీద, వలలు అల్లే ముసలి పోలయ్యని కూర్చోబెట్టుకున్నారు. పోలయ్యకి కాకినాడ నుంచి నిజాంపట్నం దాకా తెలియని రేవు లేదు. పోలయ్య ఒక్కో రేవులో తనకి తెలిసినవాళ్ళ నంబర్లు చెబుతుంటే మావగారు తన బటన్ల ఫోనులో ఒక్కో నంబరూ నొక్కి, బోటు రంగు, మనుషుల పేర్లు, బడిలో హాజరు పిలిచినట్టు నింపాదిగా చెబుతున్నారు. లేదంటే, "లేదటమ్మా, అక్కడికి రాలేదట" అని ఉన్నది ఉన్నట్టే ఆవిడకి చెప్పేవారు. ఒక్క అబద్ధం ఆడలేదు. ఆవిడ ప్రతిసారీ "ఆయ్" అని తల ఊపి ఇంకో గుక్క తాగేది. నేను గోడవారగా నించుని ఆయన మూతి చూస్తూనే ఉన్నాను.

మూడున్నరకి బందరు పక్కన గిలకలదిండి రేవు నుంచి ఫోను వచ్చింది. ఇంజను చెడిపోయి కిందికి, దక్షిణంవైపు కొట్టుకుపోయారట, బందరు బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారట. నలుగురూ ఉన్నారు. మావగారు ఫోను ఆవిడ చెవికి ఆనించారు. అవతల రమణ గొంతు వినగానే ఈవిడ, "ఏటయ్యా నువ్వు! బుద్ధుందా నీకు? ఇంజను చూపించుకోమని చెప్పేనా లేదా?" అని తిట్లు లంకించుకుంది. తిడుతూ తిడుతూ మావగారి మోకాలి మీద తల పెట్టి భోరుమంది. ఆయన ఆవిడ తల నిమురుతూ కూర్చున్నారు. నేను కూడా ఏడ్చానంటే ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

ఆ తరవాత మా ఇంట్లో ఆవిడ పద్ధతి కొంచెం మారింది. బోణీ అయ్యేదాకా మేకలూ కోళ్ళే. డబ్బులు రొంటిని దోపుకున్నాక మాత్రం అరుగు అంచున కూర్చుని అసలు కబుర్లు చెబుతుంది. ఎవరికి వేట పడలేదో, ఎవరి పిల్లకి పురుడొచ్చిందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో. మావగారు వింటారు. కొన్నిటికి ఊరుకుంటారు, కొన్నిటికి చొక్కా అడుగుతారు.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున్న ఆవిడ డబ్బులు దోపుకుని, "పోలయ్య మావ పోయేడండి మాస్టారూ, తెల్లారగట్ట" అంది. నేను గుమ్మంలోంచి మావగారి మూతికేసి చూశాను. ఆ వలల పోలయ్యకీ మావగారికీ అప్పట్నుంచి స్నేహం. వారానికోసారైనా వెళ్ళి పోలయ్య మంచం మీద కూర్చుని వచ్చేవారు. మావగారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. తరవాత ముఖం కడుక్కుని చొక్కా అడిగారు. సత్యనారాయణమ్మ గంప మా అరుగు మీదే వదిలేసి ఆయనతో పాటు ఆటో ఎక్కింది. సాయంత్రం పొద్దు గుంకాక వచ్చారు. బుజం మీద చొక్కాకి మట్టి అంటుకుని ఉంది, పాడె పట్టారట. స్నానం చేసి, వడ్డించింది వడ్డించినట్టు తిని, మంచమెక్కారు. నేను గుమ్మం పక్కన నించుని విన్నాను. ఆయన గురక పెట్టి నిద్రపోతున్నారు.