వదిన చేతిలో కళ్ళెం

మా వీధి వదిన పోయిన రోజు పొద్దున్నే టీ బంకు దగ్గర ఆ మాటే నడిచింది. "ఇన్నాళ్ళకి ఆమె నోటికి పూర్తిగా కళ్ళెం పడింది" అన్నాడు ఒకాయన. నలుగురూ నవ్వారు. చెడ్డగా ఏం కాదు, పోయినవాళ్ళ మీద ఇష్టంతో కూడా అలా నవ్వుతారు. నేను గ్లాసు పెట్టేసి వచ్చేశాను. అక్కడ అనలేని మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది గోడ అవతలి ఇల్లు. చుట్టరికం లేదు, వరసకు వదిన. ఆమె భర్త, నాకు అన్న వరస, నరసరావుపేట స్టేషను నుంచి జట్కా తోలేవాడు. తోలడం ఆయన పని, గుర్రాన్ని సిద్ధం చేయడం ఆమె పని. చలికాలం పొద్దుట పూట ఆమె కళ్ళెం తీసి వెంటనే గుర్రం నోట్లో పెట్టేది కాదు. నోట్లోకి పోయే ఇనప కడ్డీని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఆవిరి ఊదుతూ, వెచ్చబడిందాకా నిలబడేది.

"రైలొచ్చే టైమైందే!" అని అన్న కేకలేసేవాడు.

"రైలుదంటే ఇనప నోరు. దీనిది కాదుగా. చల్లటి ఇనుము నీ నోట్లో పెడతా, ఎట్టుంటదో చెప్పు."

కడ్డీ వెచ్చబడ్డాక, గుర్రం పెదవుల మూల బొటనవేలు ఆనించేది. అది తనంతట తనే నోరు తెరిచేది. గోడ మీదుగా ఇదంతా చూసేవాణ్ణి.

నేను మాట్లాడేది తక్కువ. నన్ను ఆమె ఊరికే వదిలేది కాదు. "ఏంది మరిదీ, మాటలన్నీ జేబులో దాచుకున్నావా? చొక్కా ఉతికేటప్పుడు తడిసిపోతాయ్, జాగర్త!" అనేది.

ఒకసారి వీధి కుళాయి గొడవ వచ్చింది. పైపు మా వీధి దాకా రాకుండా ఊరి పెద్దమనిషి గొడ్ల చావిడి దగ్గర ఆగిపోయింది. మగవాళ్ళం అందరం తలలు వంచుకుని ఉన్నాం. ఆమే ముందుకెళ్ళి అడిగింది.

"ఏమే, నోటికి కళ్ళెం లేదా నీకు?" అన్నాడాయన.

"కళ్ళెం నోరు మూయడానికనుకున్నావా పెదనాన్నా? అది ఉండంగానే గుర్రం గడ్డి తింటది, సకిలిస్తది. ఎటు తిరగాలో చెప్పడానికి ఏస్తారది. నువ్వు కూడా కాస్త ఇటు తిరుగు, మా ఈది ఈ పక్కనుంది."

ముందు నవ్వింది ఆయనే. తర్వాత నీళ్ళొచ్చాయి.

ఆటోలొచ్చి జట్కా మూలపడింది. గుర్రం పోయింది, తర్వాత అన్న పోయాడు. కళ్ళెం మాత్రం వాళ్ళ వసారాలో మేకుకే ఉండిపోయింది.

పోయిన చలికాలం పక్షవాతం వచ్చి వదినకు నోరు పడిపోయింది. చూడటానికి వెళితే కోడలు జావ గిన్నె పట్టుకుని ఏడుస్తోంది.

"మావయ్యా, మీరన్నా చెప్పండి. నిన్నట్నుంచి చుక్క లోపలికి పోలా. మింగగలదంట, కానీ చెంచా తగలంగానే పళ్ళు బిగబడతంది. ఇట్టాగే ఉంటే ముక్కులో గొట్టమెయ్యాలన్నాడు డాక్టరు. చానా మొండికేసింది."

స్టీలు చెంచా కిటికీలో ఉంది. చేతిలోకి తీసుకుంటే జిల్లుమంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊదాను. కోడలు నా వంక వింతగా చూసింది. వదిన మాత్రం నా చేతుల వంకే చూస్తోంది.

"ఇప్పుడు పెట్టమ్మాయ్" అన్నాను.

వదిన నోరు తెరిచింది. గిన్నెలో సగం దాకా తాగింది. తాగాక పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో, కదలగలిగిన పక్క అదొక్కటేనో నాకు తెలియదు.

కోడలు ఆ తర్వాత ఎప్పుడూ చెంచా వెచ్చబెట్టకుండా పెట్టలేదు. నేను సాయంత్రాలు వెళ్ళి కూర్చునేవాణ్ణి. మిరపకాయల ధర, కుళాయి దగ్గర తగువులు, వినుకొండ బస్సు ఆలస్యం, తోచింది చెప్పేవాణ్ణి. నేను అన్ని మాటలు మాట్లాడటం మా ఇంట్లోవాళ్ళు కూడా వినలేదు. వదిన విన్నది.

దినం రోజున భోజనాలయ్యాక వసారాలో నిలబడ్డాను. కళ్ళెం మేకుకే వేలాడుతోంది. తోలు ఎండిపోయింది. కడ్డీ మీద పళ్ళ గాట్లు వేలికి తగులుతున్నాయి. వానాకాలం కదా, చల్లగా ఉంది. లోపల విస్తళ్ళు ఎత్తుతున్నారు. కడ్డీ వెచ్చబడిందాకా అరచేతుల్లో పట్టుకుని, మళ్ళీ మేకుకు తగిలించి ఇంటికొచ్చాను.