అంజయ్య గారి బావి ఈత

నౌకాదళంలో డైవర్‌గా చేసి బయటికొచ్చాక, విశాఖ దగ్గర తీరంలో ఒక చిన్న డైవింగ్ సంస్థలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. ఇది నేను చేరిన రెండో వేసవి సంగతి. గుంటూరు మిర్చి యార్డుకు సెలవులిచ్చిన రోజులు కావడంతో మా సొంతూరి వైపు రైతులు కూడా సముద్రం చూడటానికి వస్తుండేవారు. అలా వచ్చినవారే అంజయ్య గారు, ఆయన భార్య రమణమ్మ గారు. వాళ్లది అద్దంకి పక్కన పల్లె, నాది సింగరాయకొండ. మాట వినగానే మనవాళ్లే అని తెలిసిపోయింది.

అంజయ్య గారికి యాభై దాటాయి. ఊళ్లో ఎవరి బావిలో ఫుట్ వాల్వ్ చెడినా, మోటారు జారిపడినా, మునిగి బాగుచేయడానికి ఆయన్నే పిలిచేవారట. బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి, ఆయన బావిని కూడా పూడ్చేశారు. నీళ్ల అడుగు చూసి చాలా ఏళ్లయిందనీ, ఒంట్లో ఓపిక ఉండగానే ఒక్కసారి దిగాలనీ వచ్చారు.

పడవ ఎక్కించే ముందు కొత్తవారిని నడుం లోతు నీళ్లలో పరీక్షించడం పద్ధతి. నోట్లో రెగ్యులేటర్ పెట్టుకుని సిలిండర్ గాలి పీల్చాలి, వదలాలి. అంజయ్య గారు తల ముంచారో లేదో బుడగలు ఆగిపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"బావిలో ఊపిరి వదిలితే పైకి రాలేమండీ. అదే అలవాటైపోయింది," అన్నారు.

మా పనిలో ప్రాణం తీసేది సరిగ్గా ఆ అలవాటే. ఒడ్డున పీల్చిన గాలితో మునిగి తేలితే ప్రమాదం లేదు. లోతులో సిలిండర్ నుంచి పీల్చిన గాలి మాత్రం పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచిస్తుంది. ఊపిరి బిగబట్టి లేస్తే ఊపిరితిత్తి చిట్లుతుంది. అందుకే పడవ ఎక్కించనని తేల్చి చెప్పేశాను. ఆయన కదల్లేదు. తడి బట్టలతో ఇసుకలో కూర్చుని, వచ్చేదాకా నేర్పమన్నారు.

"ఆయన అంతేనండీ. పట్టు పడితే వదిలే మనిషి కాదు," అని రమణమ్మ గారు నవ్వారు.

అప్పుడు నాకు మా ఇంట్లో మిర్చి బస్తాలు కాటా వేసి తూచడం గుర్తొచ్చింది. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మావాళ్లు ఒకటి అనరు, 'లాభం' అంటారు. రెండు నుంచి మామూలు లెక్కే. గొంతు పలికితే ఊపిరి బయటికి రాక తప్పదు. అందుకని గాలి వదిలిన ప్రతిసారీ రెగ్యులేటర్‌లోనే ఒక టిక్కీ లెక్కపెట్టమన్నాను. మిర్చి బస్తాను మా వైపు టిక్కీ అంటారు. ఆ పూటంతా ఆయన నీళ్లలో యార్డు నడిపారు. మర్నాడు పడవ ఎక్కించాను.

తీరానికి కాస్త దూరంలో సముద్రంలో మునిగిన రాతి దిబ్బ ఉంది. కొత్తవారి సిలిండర్ పట్టుకుని వెంట ఉండటం నా పని. లెక్క గురగురమని వినిపిస్తూనే ఉంది. చారల చేపల గుంపు పక్కనుంచి పోయినా ఆగలేదు. అంతలో రాతి సందులో ఎవరో పోగొట్టుకున్న మాస్కు ఆయన కంటపడింది. చేయి పెట్టి లాగారు. బావిలో వస్తువు చేతికి దొరికితే ఏం చేసేవారో అదే చేశారు. రొమ్ము బిగించి, కాలితో రాయిని తన్ని పైకి లేచారు.

నాకు నిజంగా భయం వేసింది. ఒక చేత్తో సిలిండర్‌ని లాగిపట్టి, రెండో చేత్తో ఆయన్ని నీళ్లలో తేల్చే జాకెట్‌లో గాలి తీసేశాను. వేగం తగ్గింది. బుడగలు మాత్రం లేవు. ఆయన మొహానికి మొహం పెట్టి, నా రెగ్యులేటర్‌లోనే గట్టిగా 'లాభం' అని అరిచాను. ఒక క్షణం అలాగే చూశారు. తర్వాత ఆయన గొంతు పలికింది, బుడగలు గుప్పున వచ్చాయి. అక్కణ్నుంచి నీటి పైదాకా ఇద్దరం లెక్కపెట్టుకుంటూనే మెల్లగా వచ్చాం.

పడవలోకి ఎక్కాక కూడా ఆ మాస్కు ఆయన పిడికిట్లోనే ఉంది. ఏం చూశారని, పడవలోనే కూర్చుని ఎదురుచూస్తున్న రమణమ్మ గారు అడిగారు.

"అడుగు చూశానే. మన బావిలో కంటే వెలుతురుంది," అన్నారు.

ఈత రానివాళ్లు చెప్పినట్టు చేస్తారు. బాగా వచ్చినవాళ్ల ఒళ్లు మనం చెప్పేలోపే తనకు తెలిసింది చేసేస్తుంది. అంతవరకూ వచ్చినవాళ్లను ఈత వచ్చా అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. బావిలో అన్నవాళ్ల చేత ఒడ్డు దగ్గరి నీళ్లలోనే 'లాభం' అనిపించకుండా పడవ ఎక్కించలేదు.