నా కోడ్, ఆయన పేరు

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కేనాటికి నా మనసు నిండా కక్షే ఉంది. ఫోను వాడకుండా పక్కన పెట్టినప్పుడు దాని మెమరీ వేగం తగ్గించి చార్జింగు మిగిల్చే కోడ్‌ను, ఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ కోసం ఎనిమిది నెలలు కూర్చుని రాశాను. మా మేనేజరు దాన్ని తన పేరుతో, ప్రోగ్రామర్లందరూ చూసే మెయిలింగ్ లిస్టుకు పంపేశాడు. అందులో ఒక తప్పు మిగిలిపోయిందని నాకొక్కడికే తెలుసు. వేగం మారే క్షణంలో ఏ ప్రోగ్రామైనా మెమరీని తాకితే ఫోను బిగుసుకుపోతుంది.

ఎదురు సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ, "ఏంటి బాబూ, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది. ముక్కూ మొహం ఎరగని మనిషే కదా అని అంతా చెప్పేశాను. ఆ కోడ్ ఉన్న ఫోన్లు జనంలోకి వెళ్ళాక ఆయన పరువు పోతుందని, అప్పటిదాకా నోరు విప్పనని అన్నాను.

ఆవిడ సంచిలోంచి తన ఫోను తీసి నా అరచేతిలో పెట్టింది.

"కాన్పులు చేసే నర్సుని బాబూ. నొప్పులొస్తే దీనికే ఫోన్ చేస్తారు. ఆగిపోయేది మీ మేనేజరు ఫోనొక్కటేనా?"

భట్టిప్రోలు దాటేదాకా ఆ ఫోను నా చేతిలోనే ఉంది.

వారం తిరక్కుండా తప్పు సరిదిద్ది, అదే లిస్టుకు నా పేరుతో పంపాను. కక్ష మాత్రం వదులుకోలేదు. కింద ఒక ప్రశ్న రాశాను: "మెమరీని ఏ ప్రోగ్రామూ తాకకుండా ఆపకుండానే వేగం ఎందుకు మార్చారో, ఈ కోడ్ రాసిన మీరు చెప్పగలరా?"

అందరూ చూస్తుండగా ఆయన జవాబివ్వలేకపోయాడు. ఆ ప్రశ్న కింద ఇప్పటికీ ఖాళీయే. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటాను.