రోజు లెక్కన మాట్లాడుకున్న పడవ

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా లెక్కల టీచర్లుంటే దయచేసి ఇక్కడే ఆగిపోండి. మన జాతి పరువు కాసేపట్లో కాలువలో కలవబోతోంది. మిగతావాళ్ళు నవ్వుకోవచ్చు. నేను కూడా ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను గాని, అప్పట్లో బాగానే ఏడ్చాను.

యాభై తొమ్మిది ప్రాంతం మాట. నాకు ఇరవై ఆరేళ్ళు. బోగోలు దగ్గర ఒక చిన్న బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఫిబ్రవరిలో అమ్మ పోయింది. నాన్న అంతకు ఎంతో ముందే పోయాడు. తోడబుట్టినవాళ్ళు లేరు. మే నెలలో తడకు బదిలీ అని కాగితం వచ్చింది. అమ్మ నాకు వదిలిన ఆస్తంతా ఇంట్లో సామానే: పట్టెమంచం, రుబ్బురోలు, ఇత్తడి గంగాళం, ఊరగాయ జాడీలు, ఇంకా గిన్నెలూ చెంబులూ.

పక్కింటి దీనమ్మక్క చెప్పి చూసింది.

"ఒంటిదానివి, నీకెందుకే రోలూ గంగాళమూ? అమ్మేసి, ట్రంకు పెట్టె చేతబట్టుకోని రైలెక్కు."

"అమ్మను, అక్కా."

"రాయిని ఎత్తుకోని నూరు మైళ్ళు పోతావా?"

"పోతాను."

తడలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. అమ్మ సామాను సర్దుకుంటే అది మా ఇల్లవుతుంది, లేకపోతే నేను ఊరికే అద్దెకు దిగిన మనిషిని. నా ఆలోచన అంతే. ఒక్క గరిటె కూడా వదలదలచుకోలేదు.

కావలి లారీ అతను వచ్చి చూసి తొంభై రూపాయలన్నాడు. నా జీతం డెబ్బై. "ఆ రోలు ఈడనే పెట్టేస్తే డెబ్బై అయిదుకు వొస్తా" అని కూడా అన్నాడు. రోలుకు అయిన అవమానం నాకే అయినట్టు తలుపు వేసేశాను.

ఇక మిగిలింది బకింగ్‌హాం కాలువ. అందులో ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని పడవలు మద్రాసు దాకా పోతుండేవి. గట్టు మీద పోలయ్య అనే పడవతను దొరికాడు.

"గుత్తకైతే మొత్తం అరవై ఇయ్యండమ్మా. రోజు లెక్కనైతే రోజుకి ఎనిమిది" అన్నాడు.

అక్కడే నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. దూరం నూరు మైళ్ళు. పడవ గంటకు నాలుగు మైళ్ళు. ఈ నాలుగు మైళ్ళు ఎక్కడివంటారా? అయిదో తరగతి లెక్కల పుస్తకంలోవి. ఆ పుస్తకంలో పడవలన్నీ ఠంచనుగా గంటకు నాలుగు మైళ్ళు పోతాయి. పడవ నడిపేవాడికి ఆకలి వెయ్యదు, నిద్ర రాదు. నూరును నాలుగుతో భాగిస్తే ఇరవై అయిదు గంటలు. పోనీ పాపమని రెండు రోజులు వేసుకున్నా పదహారు రూపాయలు! అరవై ఎక్కడ, పదహారెక్కడ! ఈయనకు లెక్కలు రావు, నా అదృష్టం అనుకున్నాను.

"రోజు లెక్కనే" అన్నాను.

పోలయ్య తల గోక్కున్నాడు. "వద్దుమా. ఇప్పుడు దక్షిణం గాలి తోలతా ఉండాది. మనం పొయ్యేది దక్షిణానికే. తెరచాప ఎత్తేదానికి లేదు. తాడుగట్టి, గట్టు మీద నడిసి లాగాల. లాకుల కాడ ఆగాల. గుత్తకే మాట్లాడుకోండి, మీకే మంచిది."

"లెక్కల టీచర్ని, అన్నా. నాకు లెక్క చెబుతున్నావా?"

"మీరు సదువుకున్నోళ్ళు. మీ ఇష్టం మా."

గుత్త గుత్త అని అన్నిసార్లు అంటున్నాడంటే అందులోనే ఏదో మర్మం ఉందని నా అనుమానం. మాట మారకుండా చెరొక కాగితం రాసి వేలిముద్ర కూడా వేయించుకున్నాను. గొయ్యి తవ్వుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, దానికి రసీదు పుచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సామానంతా పడవకెక్కించి, నేను బిట్రగుంటలో రైలెక్కాను. చేతిసంచీలో రెండు చీరలు, బైబిలు, సబ్బుబిళ్ళ. ఎల్లుండికల్లా ఇల్లే వచ్చేస్తుంటే ఇంకేం కావాలి?

ఎల్లుండి వచ్చింది. ఇల్లు రాలేదు.

ఆ ఖాళీ గదిలో దగ్గితే నాలుగు గోడలూ తిరిగి దగ్గేవి. పాత పేపర్లు పరుచుకుని పడుకునేదాన్ని. హోటల్లో రెండిడ్లీలు తిని బడికి పోవడం, బడి వదలగానే, కాలువ పడవలు వచ్చే పులికాట్ సరస్సు ఒడ్డుకు పోయి నిలబడడం. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. నా ఆలస్యం రోజుకు ఎనిమిది రూపాయలు.

ఒడ్డున రొయ్యలు ఏరుకునే ఆడవాళ్ళు నాలుగు రోజులు చూసి, అయిదో రోజు అడిగారు.

"ఎవురి కోసరం మా, దినామూ వొచ్చి నిలబడతా ఉండావు?"

"పడవ రావాలి."

"పడవలో ఎవురుండారు?"

"మావాళ్ళెవరూ లేరు" అన్నాను. అంటూనే పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. వారం తిరిగేసరికి, కొత్త టీచరమ్మ మొగుడు పడవెక్కి పోయి తిరిగి రాలేదని ఊరంతా చెప్పుకుంటోంది. నాకు పెళ్ళే కాలేదు మహాప్రభో అంటే వినేవాళ్ళేరీ! ఒకామె నా చేతిలో నాలుగు ఎండుచేపలు పెట్టి, "మగోళ్ళు అంతే మా, మనసు గట్టి చేసుకో" అని ఓదార్చింది. చేపలు తీసుకున్నాను. వండుకోవడానికి గిన్నె లేదు.

పన్నెండో రోజు దాటాక ఎనిమిదుల ఎక్కం మానేశాను. డబ్బు పోతే పోనీ, పడవే పోయుంటే? అమ్మను పాతిపెట్టి వచ్చిన రోజు కూడా నేనింత ఒంటరిని కాను. ఆ రోజు చుట్టూ ఆమె గిన్నెలున్నాయి.

పద్నాలుగో రోజు సాయంత్రం పడవ వచ్చింది. పోలయ్య, అతని బావమరిది గడకర్రలు పొడుస్తున్నారు. నేను మోకాలి లోతు నీళ్ళలోకి పరుగెత్తాను. పరుగెత్తి, నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

మా పట్టెమంచం పడవ మధ్యలో వేసుంది. దాని మీద పోలయ్య తల్లి కాళ్ళు బారజాపుకుని పడుకుంది. గంగాళంలో పాతచీర మెత్తగా పరిచి పసిబిడ్డను పడుకోబెట్టారు. పోలయ్య భార్య మంగమ్మ అమ్మ రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతోంది.

"ఏంటిది పోలయ్యా! మా సామాను వాడేసుకుంటున్నారా?" అని బడిలో అరిచినట్టు అరిచాను. గంగాళం కెవ్వుమంది.

"పద్నాలుగు దినాలు మా" అన్నాడు పోలయ్య. "మా కాపరం పడవలోనే గదా. మీ సామానుతో పడవంతా నిండిపొయ్యింది. ఇంక యాడ పడుకోమంటారు?"

మంగమ్మ చెయ్యి ఆపలేదు. "కోపం చేసుకోబాకండి మా. ఈ రోలు బో మంచిది. పిండి వెన్న మాదిరి వొస్తుంది. ఎవురిది?"

"మా అమ్మది."

"ఈడ చూడండి, పొత్రం ఒక పక్కనే అరిగుండాది. బాగా రుబ్బిన మనిషి."

చూశాను. నిజమే. ఇరవై ఆరేళ్ళు ఆ పిండి తిన్నాను గాని ఆ అరుగుదల ఎన్నడూ చూడలేదు. నాలుగు నెలలుగా ఆ రోలు ముట్టుకోనైనా లేదు. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

"ఎక్కి రాండి, నిన్నటి పిండి ఉండాది, అట్టు తిందురు" అంది మంగమ్మ.

ఎక్కాను. మా పళ్ళెంలోనే నాకు అట్టు పెట్టింది. ఫిబ్రవరి తర్వాత నలుగురితో కలిసి కూర్చుని తినడం అదే. ముసలమ్మ ఏవేవో అడిగింది, నేను ఏవేవో చెప్పాను. నోట్లో అన్ని మాటలు నిలవున్నాయని అంతవరకూ నాకే తెలియదు.

తిన్నాక పోలయ్య మొహమాటంగా కాగితం తీశాడు. "పద్నాలుగెనిమిదులు ఎంత మా? మీరే చెప్పాల."

నూట పన్నెండు. లారీ తొంభై.

"పోనీలెండి, గుత్త లెక్కన అరవై ఇయ్యండి" అన్నాడు జాలిగా.

"కాగితం కాగితమే" అన్నాను. డబ్బుకు పోస్టాఫీసులో దాచుకున్నది ఉంది, పరువుకు మాత్రం ఇంకెక్కడా నిలవ లేదు.

"అయితే సామాను దించేదా?"

ఒడ్డు వైపు చూశాను. అటుగా వెళ్తే ఆ గది.

"రేపు దించండి" అన్నాను.

"రేపటికైతే ఇంకో రోజు పడుద్ది మా."

"పడనీ."

ఆ పదిహేనో రోజుకు ఎనిమిది రూపాయలు పోసి నేను కొనుక్కున్నదేమిటంటే, మా మంచం మీద ముసలమ్మ నాకు దయతలచి ఇచ్చిన సగం చోటు. నూట ఇరవైలో దండగ కానివి ఆ ఎనిమిదే.

మర్నాడు సామాను ఇంట్లో పెట్టి వాళ్ళు వెళ్ళిపోయారు. మంచం, రోలు, గంగాళం, జాడీలు, అన్నీ ఉన్నాయి. దగ్గి చూశాను. గోడలు తిరిగి దగ్గలేదు. అంతే తేడా.

ఒట్టు పెట్టుకోవడం మా చర్చిలో తప్పు. అయినా రోలు మీద చెయ్యి వేసి, గంభీరంగా, నాకు నేనే వినబడేట్టు ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎదురుగాలికి పడవ మాట్లాడను. మాట్లాడినా రోజు లెక్కన మాట్లాడను. ఖర్మకాలి రోజు లెక్కనే మాట్లాడితే మాత్రం, రైలెక్కను. సామానుతో పాటు నేనూ ఆ పడవే ఎక్కుతాను.