సిరిసిల్ల బస్సు వచ్చినప్పుడల్లా

కోరుట్ల బస్టాండు వెనక ఒక చిన్న దవాఖానలో నర్సుగా చేరిన కొత్తలో, నా అంత తెలివైనది లోకంలో లేదనుకునేదాన్ని. అక్కడివాళ్ళను చూస్తే ఆ భ్రమ ఎవరికైనా కలిగేది. పెద్ద డాక్టరుది పేరు గొప్ప ఊరు దిబ్బ. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రోగి మొహం చూసి పోయేవాడు, వీపు సంగతి ఆయనకు పట్టదు. చూడవచ్చే చుట్టాలు ఇంకా ఘనులు. స్పృహ లేని మనిషి నోట్లో కొబ్బరినీళ్ళు పోయబోతుంటే ఎన్నిసార్లు గ్లాసు గుంజుకున్నానో.

ఒకసారి చందుర్తి నుంచి ఒక కూలీని తెచ్చారు. వడ్ల బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. కన్ను తెరవడు, కాలు కదపడు. తోడు భార్య ఒక్కతే. అలాంటి మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి వీపు తుడవాలి, లేకపోతే పుండు పడుతుంది. ఆమెకేమో గడియారం చూడరాదు. నా బుర్ర పాదరసంలా పనిచేసింది.

"సిరిసిల్ల బస్సు అచ్చినప్పుడల్లా తిప్పు. రాత్రి నర్సు లేపుతది. సమజైందా?" అన్నాను.

చందుర్తి మీదుగా పోయే ఆ బస్సు రెండు గంటలకొకటి. కండక్టరు కేక వార్డులోకి వినబడేది. కేక వినగానే ఆమె కొంగు బిగించి మొగుణ్ణి తిప్పేది. పది రోజులు వీపు మీద ఎర్ర మచ్చ కూడా లేదు. డాక్టరు అదంతా తన ఘనతే అన్నట్టు తల ఊపాడు.

అంతలో ఏదో ఎన్‌కౌంటరు మీద అన్నలు బంద్ పిలుపిచ్చారు. రెండు రోజులు బస్సులు కదల్లేదు. నేను జగిత్యాలలో మా ఇంట్లో హాయిగా పడుకున్నాను. రాత్రి నర్సూ రాలేదు.

మూడో రోజు వచ్చి అతన్ని తిప్పి చూస్తే నడుము కింద అరచెయ్యంత తోలు లేచింది.

"ఎందుకు తిప్పలేవే?" అని అరిచాను.

"బస్సు రాకపాయె గద సిస్టరమ్మా," అంది. "రెండు దినాల సంది కిటికీ కాడనే కూసున్న. కన్ను మూయలే."

రౌండ్సుకు వచ్చిన డాక్టరు రుమాలు తీయకుండానే ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నీకంటే పశువులు నయం. పక్కనే కూర్చుని మొగుడికి పుండు చేశావు."

ఆమె నా వైపు చూసింది. బస్సు లెక్క చెప్పింది నేనేనని ఒక్క మాట అంటే చాలు. నేను కేసుషీటు తిరగేస్తూ నిలబడ్డాను. నా అంత సిగ్గులేనిదాన్ని ఆ దవాఖానలో ఇంకెవరినీ చూడలేదు.

"తప్పైంది సారూ," అని ఆమె డాక్టరుకు దండం పెట్టింది. తరువాత నాకూ పెట్టింది.