గాజుల మీద తీసిన ఫొటో

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు కూడా తీసేశారు. అప్పటి నుంచి ఎడమ చెయ్యి బరువెక్కుతోందని మొత్తుకుంటూనే ఉన్నాను. అలాంటి చేతిలో నీరు చేరుతుందట. దాన్ని మొదట్లోనే పట్టుకోవడానికి ఖమ్మం ఆసుపత్రిలో ఒక కెమెరా పెట్టారు. రెండు చేతులనూ అన్ని వైపుల నుంచీ ఫొటో తీసి, ఏది ఎంత వాచిందో తెర మీద చూపిస్తుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు టెక్నీషియన్ గాజులు తియ్యమంది. వెంట వచ్చిన మా అత్త ఒప్పుకోలేదు.

"మొగుడు బతికుండంగ బోసి చేతులేంది? గట్లనే తియ్యి" అంది.

గొడవెందుకని ఆ అమ్మాయి గాజుల మీదే ఫొటో తీసేసింది. డాక్టరు తెర వంక ఒక్క చూపు చూసి, అంతా బాగుందన్నాడు. నా చేతిని ముట్టుకోనైనా లేదు.

కొన్ని నెలలకు మళ్ళీ వెళ్ళేసరికి చెయ్యి వాచి, ఆ గాజులు సబ్బు రాసినా రాలేదు. అత్త అడ్డుపడుతున్నా బల్ల అంచుకేసి పగలగొట్టాను. ఈసారి ఫొటోలో ఎడమ చెయ్యి కుడిదానికి రెట్టింపు కనిపించింది.

"ముందే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా" అన్నాడు అదే డాక్టరు.

"ముందు వచ్చింది ఎవరు సార్, నా దయ్యమా?" అన్నాను.

అత్త మాత్రం కొడుక్కి ఏమవుతుందోనని ఏడుస్తూ గాజు ముక్కలు ఏరుతోంది.

మణుగూరులో ఇల్లు చేరాం. బొగ్గుబాయి డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గాజులేవి?" అన్నాడు.

వాచిన చెయ్యి ఎత్తి ఆయన మొహం ముందు పెట్టాను.

"గాజులు లేవని కనబడ్డది గానీ, గీ చెయ్యి కనబడలేదా?"